జానెడు గట్టు

పోతుమూడి (వయా దెందులూరు)
11-4-1955

చిరంజీవి చెల్లెలు మంగతాయారుకి అన్న తాతాజీ దీవించి రాసేది.

ఇక్కడ మీ వదిన, పిల్లలు, గేదెలు అందరూ బాగున్నారు. నా ఎడమ మోకాలు ఒక్కటే నా మాట వినడం లేదు. కేక వేస్తే నీకు వినపడే దూరానికి ఈ ఉత్తరం దెందులూరు వెళ్లి, ఏలూరు వెళ్లి, కొల్లేటికోట మీదుగా పడవెక్కి నీ చేతికి వస్తుందనుకుంటే నాకే నవ్వొస్తోంది. ఏం చెయ్యను. గట్టు మరమ్మతు అయ్యేదాకా రేవులో దోనె తిప్పొద్దని మావాళ్లు కట్టేశారు.

వెంకటనరసమ్మ గారి పెద్దకర్మ మొన్న జరిగింది. మీ నందిలంకలో పుట్టి, మా ఊరికి కోడలై వచ్చి, ముప్పై ఒక్క ఏళ్లు కొలకర్ర కాపాడిన మనిషి. పోయే ముందు రోజు కూడా కర్ర ఎక్కడుందని అడిగిందట. ఈ కాలపు కుర్రాళ్లకి ఆ కర్ర సంగతి చెప్తే నవ్వుతున్నారు. కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. కాలువకి అటు మీ గట్టు, ఇటు మా గట్టు. ఏ గట్టు జానెడు తక్కువైతే వరద ఆ ఊరి పొలాల మీద పడుతుంది, రెండో ఊరు బతుకుతుంది. అందుకని తాతలు ఒకే వెదురు నుంచి రెండు కర్రలు సమానంగా కోశారు. తొలి ఏకాదశి నాడు ఎవరి గట్టు వాళ్లు కొలుచుకోవాలి. తూము రాయి మీద కర్ర నిలబెడితే గట్టు తల, కర్ర తల ఒకటి కావాలి. మా కర్ర మీ ఊళ్లో పుట్టిన కోడలి దగ్గర ఉండాలి, మీ కర్ర మా ఊళ్లో పుట్టిన కోడలి దగ్గర, అంటే నీ దగ్గర. పుట్టిల్లు మునగకూడదు, అత్తిల్లూ మునగకూడదు అనుకునే మనిషి కర్ర జోలికి పోదని వాళ్ల లెక్క.

ఇప్పుడు మీ ఊరి ఆడపిల్ల మా ఊళ్లో ఒక్కరూ లేరు. ఊరందరూ నన్నే ఉంచమంటే కర్ర మా అటక మీద పెట్టాను.

ఇంకో మాట. మీ ఆయన, మా సూర్రావు బావగారి దోనెలు వారం నుంచి మట్టి మోస్తున్నాయని రేవు దగ్గర చూసినవాళ్లు చెప్పారు. మట్టి దేనికో నాకు రాయి. నేను అడిగినట్టు మాత్రం ఆయనతో అనకు.

ఇట్లు నీ అన్న,
తాతాజీ

నందిలంక (వయా కొల్లేటికోట)
24-4-1955

పూజ్యులు అన్నయ్య గారికి మంగతాయారు నమస్కరించి రాసుకునేది.

మీరు రాసిన ఉత్తరం చేరిందండి. వెంకటనరసమ్మ పిన్నిగారి కబురు తెలిసి ఇక్కడ అందరూ బాధపడ్డారు. ఆవిడ పుట్టినింటివాళ్లు మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు.

మట్టి మా గొడ్లసావిడి నేల ఎత్తు చేయడానికి. నిరుడు వానలకి నీళ్లు చేరి దూడ చచ్చిపోయింది గదా. మీరు అడిగినట్టు చెప్పొద్దన్నారు గానీ ఉత్తరం వచ్చినప్పుడు మీ బావగారు ఇంట్లోనే ఉన్నారు.

మీ బావగారు కూడా ఒక సంగతి కనుక్కోమన్నారు. ఈ ఏడాది మీవైపు మరమ్మతుకి మట్టి గంపలు చాలా పడుతున్నాయట. నిరుడు గట్టు అంతగా కుంగలేదు గదా అంటున్నారు. అంతకంటే మరేం లేదు. ఏకాదశి నాడు మీరు కొలిచేటప్పుడు ఇక్కణ్ణుంచి ఒక పెద్దమనిషి వచ్చి పక్కన నిలబడితే రెండు వైపులా అనుమానం ఉండదని ఇక్కడివాళ్ల ఆలోచన. ఒప్పుకుంటారని ఆశిస్తున్నాం.

వదినకి నా నమస్కారాలు చెప్పగలరు.

మంగతాయారు

పోతుమూడి
8-5-1955

మంగతాయారుకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను ‘మీరు’ అనడం ఇదే మొదటిసారి. ‘చెప్పగలరు’, ‘ఆశిస్తున్నాం’ అని తాలూకా ఆఫీసు వాళ్లు రాస్తారు, నువ్వు రాయవు. పక్కన ఎవరో కూర్చుని ఒక్కో మాటా చెప్తుంటే రాసినట్టుంది. కవరు కూడా రెండుసార్లు అంటించినట్టు జిగురు పైకి వచ్చి ఉంది.

ఇది నువ్వే రాశావని నాకు ఎలా తెలుస్తుంది? మన చిన్నప్పుడు అమ్మ ఒక గేదెని పాలు పితికేటప్పుడు ఒక పేరు పెట్టి బతిమాలేది. ఆ పేరేమిటో రాయి. అది నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

కొలిచేటప్పుడు మీ పెద్దమనిషి వచ్చి నిలబడటం కుదరదు. ఎవరి గట్టు వాళ్లు కొలుచుకోవాలన్నది తాతల నాటి మాట. వెంకటనరసమ్మ గారు ఉన్నన్నాళ్లూ లేని అనుమానం ఆవిడ పోగానే పుట్టిందంటే ఇన్నాళ్లూ మమ్మల్ని నమ్మలేదనే గదా. సావిడికి అన్ని దోనెల మట్టి పడుతుందా? మేం నమ్మాలి, మీరు మాత్రం వచ్చి చూసిపోతారు. బావగారికి ఈ ముక్క చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

తాతాజీ

నందిలంక
4-7-1955

అన్నయ్యా,

ఆ గేదె పేరు కలెక్టరమ్మ. తనకి బుద్ధి పుట్టేదాకా పాలిచ్చేది కాదు, అందుకని. కుడి కొమ్ము విరిగి ఉండేది. ఒకసారి నిన్ను తూము గుంటలోకి తోసింది, నేను నవ్వానని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంక నమ్ముతావా?

నువ్వు ఊహించింది నిజమే. ఆ ఉత్తరం రాసేటప్పుడు మీ బావ పక్కనే ఉన్నారు. ఆయన తప్పుగా ఏమీ చెప్పలేదు. ఊరివాళ్లు ఆయన్ని ఆడిపోసుకుంటున్నారు, పోతుమూడి అల్లుడివి నీకేం దిగులని.

ఏకాదశి నాడు కర్ర నేనే మోసుకెళ్లాను. తూము రాయి మీద నిలబెడితే వెంట్రుక తేడా లేదు. మీవైపు కూడా సరిపోయిందని సాయంత్రానికి కబురొచ్చింది. మీ అన్నయ్య చేతిలో కర్ర సరిగ్గానే ఉందంటావా అని మీ బావ అడిగారు. మా అన్నయ్య ఇంట్లో ఉన్న కర్రకి ఏ జబ్బూ రాదన్నాను.

పొద్దుపోయే ముందు పప్పు రుబ్బుకుంటూ మీ ఊరి పశువులు ఇంటికి మళ్లడం చూస్తూనే ఉంటాను, ఇప్పటికీ. ఈ ఏడాది వాటికి మేత బాగా దొరికిందేమో, పొట్టలు తప్ప ఏమీ కనపడటం లేదు.

మంగ

పోతుమూడి
20-7-1955

మంగా,

కలెక్టరమ్మ పేరు చదివి మీ వదినకి కూడా చెప్పి నవ్వాను. తరవాత పశువుల ముక్క చదివాను. అదెందుకు రాశావు? మాటవరసకే రాశావా, ఎవరైనా రాయమన్నారా? రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.

మనం పైపై మాటలు మాట్లాడుకునే రోజులు కావివి. బావగారు ఏలూరులో తొమ్మిది కొత్త పారలు కొన్నారని మావాళ్లు కళ్లారా చూసి చెప్పారు. తొమ్మిది పారలు ఒక్క ఇంటికి దేనికి? వరద వచ్చినప్పుడు మా గట్టుకి గండి కొట్టడానికని ఇక్కడ అందరూ అంటున్నారు. నేను కాదంటే వినేవాడు లేడు. గట్టు పొడుగునా కాపలా పెట్టాం. కాలువలో మీ ఊరి దోనె ఇటు ఒరిగినా రాళ్లు రువ్వమని చెప్పాం.

నువ్వు ఈ ఇంటి పిల్లవి. ఆ ఇంట్లో ఏం అనుకుంటున్నారో నీకు తెలియకుండా ఉండదు. ఒక్క ముక్క రాస్తే ఇక్కడ ముప్పై కుటుంబాలు నిద్రపోతాయి. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వెయ్యి.

అన్నయ్య

నందిలంక
6-8-1955

అన్నయ్యా,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేసేటప్పుడు మీ బావ చూశారు. ఏం రాశాడని అడిగారు. మోకాలి నొప్పి గురించి అన్నాను. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది, ఆయనతో అబద్ధం ఆడటం ఇదే మొదలు.

పారలు ఊళ్లో తొమ్మిది ఇళ్లకి కలిపి తెచ్చారు, నారుమళ్లు సవరించుకోవడానికి. ఇది రాసినా నమ్మవని నాకు తెలుసు. నమ్మేవాడివైతే అడిగేవాడివి కాదు.

నువ్వు నన్ను అడిగిన మాటే ఇక్కడా అడుగుతున్నారు. మీ అన్నయ్య మనసులో ఏముందో కనుక్కో, నువ్వు ఈ ఇంటి కోడలివి అంటున్నారు. అక్కడ ఈ ఇంటి పిల్లవి, ఇక్కడ ఈ ఇంటి కోడలివి. రెండు ఇళ్లకీ నేను గుర్తొచ్చేది ఎదటివాళ్ల గుట్టు కావలసినప్పుడే. నాకు అన్నం సహించడం లేదు అన్నయ్యా. ఇలాంటివి ఇంక నన్ను అడగొద్దు. నేను ఎవరికీ ఏమీ చెప్పను.

మంగ

పోతుమూడి
2-9-1955

మంగా,

వరద తీసింది. ఏలూరు వైపు నుంచి అన్ని నీళ్లు ఒక్కసారి వస్తాయని ఎవరూ అనుకోలేదు. మా గట్టు నిలబడింది. మీవైపు గట్టు మీంచి పొర్లిందని, మూడు రోజులు చేలల్లో నీళ్లు నిలిచాయని విన్నాం. అంతా దైవికం. ఎవరి చేతిలో ఏముంది.

మీ చేలో ఎంత పోయిందో రాయి. మా మళ్లో మిగిలిన నారు ఉంది, కావలసినంత పంపిస్తాను. బావగారు ఏమీ అనుకోకుండా తీసుకునేలా నువ్వే చూడాలి. మావాళ్లు కూడా పాపం అంటున్నారు.

తాతాజీ

ఏలూరు, పవరుపేట
18-9-1955

అన్నయ్యా,

మా అత్తగారి కంటికి మందు వేయించడానికి ఏలూరు వచ్చి ఆడపడుచు ఇంట్లో ఉన్నాను. ఈ ఉత్తరం నందిలంకలో కూర్చుని రాయలేను.

చేను మొత్తం పోయింది. నాటు వేసిన మొక్క ఒక్కటి మిగల్లేదు. కొత్త మట్టి పోసిన సావిడి గోడ కూలి రెండు గేదెలకి కాళ్లు విరిగాయి. మీ బావ మూడో రోజు చేలోకి దిగి, బురదలోంచి కుళ్లిన నారు పిడికిడు తెచ్చి గుమ్మంలో పెట్టి, స్నానానికి వెళ్లిపోయారు. దైవికం అని నువ్వు రాసిన ముక్క ఆయనకి చూపించలేదు.

అది దైవికం కాదు. నీకు తెలుసు, నాకూ తెలుసు.

పన్నెండో ఏట నన్ను ఆ దిబ్బ మీద ఇంట్లో దించి వచ్చారు. అత్తగారు పప్పు రుబ్బమని కూర్చోబెట్టిన రుబ్బురోలు మన ఊరివైపే ఉంటుంది. మీ గట్టు వెనక దారిలో పశువులు ఇళ్లకి మళ్లేవి. వాటిని చూసి ఏడ్చేదాన్ని. తరవాత ఏడుపు మానేశాను గానీ చూడటం మానలేదు. ఇరవై ఆరేళ్లూ గట్టు తలకి పైన పశువులు మోకాళ్ల దగ్గర్నుంచి కనపడేవి. ఈ వైశాఖం నుంచి పొట్టలే కనపడుతున్నాయి. పశువులు పొట్టివి కాలేదు గదా అన్నయ్యా. గట్టు జానెడు లేచింది. ఏకాదశి నాడు కర్రకి గట్టు సరిపోయిందంటే కర్ర కూడా జానెడు పెరిగింది. ఆ కర్ర మీ అటక మీద ఉంది. ఆషాఢంలో పొట్టలు కనపడుతున్నాయని రాశాను, సర్దుకుంటావని. నువ్వు సర్దుకోలేదు, ఎవరు రాయమన్నారని అడిగావు.

నేను మీ బావతో ఎందుకు చెప్పలేదని అనుకుంటున్నావేమో. పుట్టింటి మీద ప్రేమతో మాత్రం కాదు. చెప్తే మర్నాడే మావాళ్లు జానెడు ఎత్తుతారు. అది చూసి మీరు ఇంకో బెత్తెడు. ఎత్తడానికి మట్టి ఎక్కడిది? గట్టు మొదట్లోంచే తవ్వుతారు. పైన లేస్తుంది, కింద గుల్లవుతుంది, ఒక్క వరదకి రెండూ కూలతాయి. ఎవరో ఒకరు ఎత్తకుండా ఊరుకోవాలి. చెప్పకపోతే ఊరుకునేది మేమే అవుతాం గదా అని నోరు మూసుకున్నాను. దానికి మా చేను పోయింది. ఊళ్లో పద్దెనిమిది ఇళ్లవాళ్ల చేలు పోయాయి. వాళ్లకి అన్నం లేకుండా చేసింది నా నోరు కూడా. ఈ మాట నన్ను నిలవనీయడం లేదు.

అప్పులు చేసి మళ్లీ నాట్లు వేస్తున్నాం. దీపావళి ముందర ఇంకో వాన ఖాయం. దసరాల్లోపు రుబ్బురోలు దగ్గర కూర్చుంటే పశువుల మోకాళ్లు నాకు కనపడాలి. కనపడకపోతే మీ బావకి అంతా చెప్తాను. ఆ తరవాత ఎవరు ఎంత ఎత్తుకుంటారో ఎత్తుకోండి. నేను మాత్రం ఇంక కర్ర పట్టను.

నారు పంపొద్దు.

మంగతాయారు

తాడేపల్లిగూడెం
2-10-1955

మంగా,

రైలు స్టేషన్ ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చుని రాస్తున్నాను. తవుడు కొనడానికని చెప్పి వచ్చాను. మా ఊళ్లో కూర్చుని ఇది రాసే ధైర్యం నాకూ లేదు.

నువ్వు రాసిందంతా నిజం. వెంకటనరసమ్మ గారిని సాగనంపి వచ్చిన రోజే కర్ర అటక ఎక్కిస్తూ అనుకున్నాను, ఇప్పుడు ఇది పెరిగినా తరిగినా అడిగేవాళ్లు లేరు గదా అని. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. చనిపోయింది మంగ అయి, కర్ర సూర్రావు బావ అటక మీద ఉంటే ఆయన ఊరుకునేవాడా? ఊరుకోడని తేల్చేసుకున్నాను. ఆయన చేశాడని కాదు, చేసేవాడని. ఆయన మీద ఆ నేరం నేనే మోపి, దానికి శిక్షగా మా గట్టు ఎత్తాను. కొత్త వెదురు జానెడు పొడుగ్గా కోసి పొగలో పెట్టి నల్లబరిచాను. పాతది చాప చుట్టి దాచాను. ఊళ్లో ఎవరికీ తెలియదు. వాళ్లు కర్రని నమ్మి మట్టి మోశారు. ఆ తరవాత మీ దోనెలో మట్టి చూసినా, బజారులో పార చూసినా నా లెక్క నిజమైనట్టే అనిపించేది.

గట్టు దింపాలంటే రెండు కర్రలూ తెచ్చి ఊరి చావిట్లో అందరి ముందూ పెట్టాలి. నన్ను తంతారేమో తెలియదు. దానికి సిద్ధపడ్డాను. నా భయం ఒక్కటే, సిగ్గు విడిచి చెప్తున్నాను. మేం దింపిన మర్నాడు మీవాళ్లు ఎత్తితే? నా ఊరిని నా చేత్తో ముంచినవాణ్ణి అవుతాను. ఎత్తరని నువ్వు మాటివ్వు అని అడగాలనుంది. నిన్ను ఆ మాట అడిగే మొహం నాకు లేదు. అడగకుండానే దింపుతాను.

అన్నయ్య

నందిలంక
14-10-1955

అన్నయ్యా,

సోమవారం పొద్దున్న మీ ఊరి మగవాళ్లందరూ పారలతో గట్టెక్కడం చూసి ఇక్కడ కేకలు పుట్టాయి. గండి కొట్టడానికి వస్తున్నారని మావాళ్లు కర్రలు తీసుకుని దోనెలెక్కారు. నేను రేవులో మోకాలి లోతు నీళ్లలోకి దిగి ముందు దోనె పట్టుకుని నిలబడ్డాను. మీ అటక, నా రుబ్బురోలు, అన్నీ అందరి ముందూ చెప్పాను. దోనె ముందు కూర్చున్నది మీ బావే. ఒక్కొక్కరే కర్రలు కింద పెట్టి ఇళ్లకి వెళ్లారు.

మీ బావ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఐదు నెలలు పక్కన కూర్చుని అన్నం పెడుతూ దాచావా అని మాత్రం అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

నిన్న సాయంత్రం నేను రుబ్బుతుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు. పశువులు మళ్లే వేళ. ఇద్దరం చూశాం. మోకాళ్లు కనపడ్డాయి. మోకాళ్లే కాదు, కింద డెక్కలు కూడా కనపడ్డాయి. ఇరవై ఆరేళ్లలో నేను ఆ డెక్కలు ఎన్నడూ చూడలేదు.

పాత కర్ర చేతిలో ఉండగా కొలత తప్పే మనిషివి కావు. కావాలనే నాలుగు వేళ్లు ఎక్కువ తవ్వించావు. ఇప్పుడు వాన వస్తే ముందు మునిగేది మీరే. ఎందుకు చేశావో నాకు చెప్పక్కర్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

మీ బావ చాలాసేపు అటే చూశారు. లేచేటప్పుడు, “మీ అన్నయ్యకి రాయి. నాలుగు వేళ్లు మళ్లీ వెయ్యమను. ఆయన మునుగుతుంటే పొడి గట్టు మీద నిలబడి చూసే ఓపిక నాకు లేదు” అన్నారు.

కొత్త కర్ర పొయ్యిలో పెట్టు. పాతది నీ దగ్గరే ఉంచుకో. దానికి కోడలి కాపలా అక్కర్లేదు, రోజూ సాయంత్రం రుబ్బురోలు దగ్గర నేనుంటాను. నువ్వు కూడా మా దిబ్బ మీద దండెం చూసుకుంటూ ఉండు. ఆరేసిన చీర అంచు కనపడినన్నాళ్లూ మా గట్టు లేవనట్టే.

దక్షిణాన మబ్బు పట్టింది. మీ గట్టు మొదట్లోంచి తవ్వొద్దు. ఈ ఉత్తరం ఏలూరు చుట్టి వచ్చేదాకా ఆగకుండా రేవు దాటి నీ చేతికే ఇప్పిస్తున్నాను. తెచ్చేది మీ బావే. వెనక ఆరు దోనెలు వస్తాయి. వాటిలో మట్టి ఉంటుంది. దేనికని అడగకు.

నీ చెల్లెలు,
మంగ